ఊపిరి గొట్టం

పవర్‌హౌసు ఆపరేటరు ఇంట్లో మధ్యాహ్నమయ్యేసరికి గిన్నెలు ఎగురుతున్నాయనే మాట మొదట పుట్టించింది పంపు డ్రైవరు భార్య. పోనీ తను చూసి చెప్పిందా అంటే, అదీ లేదు. స్టోరు గుమాస్తా తల్లి గోడ పక్కగా పోతూ విన్నదట. విన్నది వచ్చి ఈవిడకి చెప్పిందట. ఈవిడ దానికి కాస్త ఉప్పూ కారం తగిలించి, పాల కోసం నిలబడ్డ ఆరుగురికీ పంచిపెట్టిందట. "మొగుడూ పెళ్ళాలు బయటికి ఎంత నెమ్మదో చూశారుగా. తలుపేసుకున్నాకే అసలు సంగతి. నిన్న రెండింటికి మొదలైతే నాలుగు దాటినా ఆగలేదట. స్టీలు సామాను మొత్తం! పాపం ఆయనకి ముప్పై ఏళ్ళ సర్వీసు. ఇంటికొస్తే ఇదీ బతుకు" అందట.

ఆ మాట నాలుగిళ్ళు తిరిగి ఆపరేటరు భార్య చెవిన పడేసరికి, విసిరింది ఆవిడనీ తగిలింది ఆయనకనీ కూడా తేలిపోయింది. ఆయన నుదుటి మీద చిన్నప్పటి మచ్చ ఒకటుంది. దాన్ని సాక్ష్యం కింద పెట్టేశారు.

ఆవిడ ఇంటికొచ్చి ముందు నవ్వింది.

"ఏమండీ, విన్నారా? మనిద్దరం కొట్టుకుంటున్నామట. నేను విసిరితే మీ నుదుటికి తగిలిందట."

"ఏం విసిరావట?"

"అదింకా తేలలేదు. రేపు పాల దగ్గర తేలుస్తారు."

ఆయనా నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే అలమరలో బోర్లించిన గ్లాసులు మొదలెట్టాయి. టింగు. మళ్ళీ టింగు. క్షణానికొకటి, లెక్క తప్పకుండా. పక్కనున్న పళ్ళెం ఆ దెబ్బకి ఇంచి ఇంచి జరుగుతూ అంచుదాకా వచ్చింది. ఆవిడ నవ్వు ఆపి, పళ్ళేన్ని లోపలికి నెట్టి, గ్లాసుల కింద పాత తువ్వాలు పరిచింది.

"గొట్టం అరుపు మానిపించారు కదా, ఇదేంటండీ కొత్తగా? దీన్ని కూడా మానిపించండి" అంది.



ఈ ఎగరడం సంగతి తెలియాలంటే మిషను సంగతి కాస్త తెలియాలి. కొండ మీది నుంచి పెద్ద గొట్టంలో దిగిన నీళ్ళు పవర్‌హౌసులో చక్రాన్ని తిప్పి, దాని కింది గొట్టంలోంచి నదిలోకి పోతాయి. నిండుగా వదిలితే బుద్ధిగా నిటారుగా పోతాయి. సగం వదిలితేనే తంటా. చక్రం దాటాక కూడా అవి గిరగిరా తిరుగుతూనే దిగుతాయి. గిన్నెలు కడిగే తొట్టికి అడుగు బిరడా తీస్తే మధ్యలో సుడి పడి బోలుగా కనిపిస్తుందే, అలాంటిదే ఇదీ. కాకపోతే మనిషి నడుమంత లావు. మెలితిప్పిన తాడులా కింది గొట్టంలో వంకరగా తిరుగుతూ, చుట్టుకొకసారి గోడని కొట్టిపోతుంది. పనివాళ్ళు దాన్ని తాడనే అంటారు. "తాడు పడింది" అన్నారంటే లోపల ఒత్తిడి ఒకసారి ఉబ్బి ఒకసారి పీల్చుకుపోతోందనీ, ఇనుము అలిసిపోతోందనీ అర్థం. అందుకే మిషను నూటికి ఎంత లోడు మోస్తోందో చూపించే అద్దం మీద నలభైకీ అరవైకీ మధ్య ఎర్రరంగు పూసి ఉంటుంది. ఆ ఎరుపులోంచి గబగబా దాటిపోవాలి గాని అక్కడ కాపురం పెట్టకూడదు.

రెండో నంబరు మిషను ఇప్పుడు అక్కడే కాపురం పెట్టింది. ఒకటో నంబరుని బాగుచెయ్యడానికి విప్పి, దాని పేగులన్నీ నేల మీద పరిచారు. నడిచేది ఇదొక్కటే. నదిలో దిగువన వంతెన వాళ్ళు నీళ్ళలోకి దిగి పునాది తవ్వుతున్నారు, కాబట్టి ఎక్కువ నీళ్ళు వదలకూడదు. ఇంకా దిగువన పట్నం మంచినీళ్ళ పంపులున్నాయి, కాబట్టి తక్కువా వదలకూడదు. ఎంత కరెంటు తియ్యాలో చెప్పే లోడు ఆఫీసు వాళ్ళు ఫోనులో ఒకటే మాట చెప్పారు: యాభై. ఎరుపుకి సరిగ్గా నడిబొడ్డు.

దానికి మందు గాలి. చక్రం మధ్యలోంచి కిందికి గాలి పోనిస్తే తాడు మెత్తబడుతుంది. దెబ్బ పడుతుంది గాని దూది మూటతో కొట్టినట్టు పడుతుంది. ఆ గాలిని ఎవరూ ఊదనక్కర్లేదు, మిషనే పీల్చుకుంటుంది. దానికోసం పవర్‌హౌసు బయటి గోడకి భుజమెత్తున జానెడు వెడల్పు గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. పీల్చేటప్పుడు మాత్రం, దూడని తోలుకుపోతే తల్లి అరిచినట్టు అరుస్తుంది. ఆ నోటిని సరిగ్గా క్వార్టర్ల వైపు పెట్టడం కట్టినవాడి తెలివి.

రెండు రోజులు అరిచింది. రెండో రోజు పంపు డ్రైవరు భార్య చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది.

"వదినా, పిల్ల ఉలిక్కిపడి ఉలిక్కిపడి లేస్తోంది. ఆ గొట్టం నోరు కాస్త మూయించమని అన్నయ్యతో చెప్పవూ? అన్నయ్య చెయ్యి వేస్తే పవర్‌హౌసులో కానిదేముంది?"

ఆ చివరి మాటే కొంప ముంచింది. ఆపరేటరు మంచివాడే. కాకపోతే పొగడ్త ఆయన ఒంటికి పడదు, పైకెక్కుతుంది. షిఫ్టు దిగి వస్తూ స్టోరు దగ్గర ఖాళీ గోనె సంచి ఒకటి తీసి నాలుగు మడతలేసి, గొట్టం నోటికి అడ్డంపెట్టి తీగతో బిగించాడు. పిల్ల పడుకుని లేచేదాకా, అంతే అనుకున్నాడు. అరుపు చప్పున ఆగింది. క్వార్టర్లన్నీ ఆయన్ని తలుచుకుని కునుకు తీశాయి. ఆయన భార్య ఆ సాయంత్రం వీధిలో నాలుగు అడుగులు ఎక్కువే నడిచింది.

మర్నాడు పొద్దున్నే తీసేద్దామని వెళితే తీగ ఒక్కటే వేలాడుతోంది. గోనె లేదు.

మిషను దాన్ని మింగేసింది.

ఆయన గొట్టంలోకి భుజందాకా చెయ్యి పెట్టాడు. వేళ్ళకి తగల్లేదు. పొడవాటి ఊచ తెచ్చి కొస వంచి తిప్పాడు. ఎక్కడో లోపల, మలుపు దగ్గర, మెత్తగా తగిలింది. లాగితే రాలేదు. అటునుంచి ఎవరో పళ్ళతో పట్టుకున్నట్టుంది. దాన్ని తియ్యాలంటే మిషను ఆపాలి, మలుపు దగ్గర గొట్టం విప్పాలి, నలుగురు మనుషులు సగం రోజు పనిచెయ్యాలి. ఆ నలుగురి ముందూ గోనె బయటికి రావాలి. గొట్టం పక్కనే గోడ మీద తెల్లరంగుతో పెద్దక్షరాలున్నాయి: "ఈ గొట్టానికి ఏదీ అడ్డు పెట్టరాదు." ఆ అక్షరాలు ఆయన చేతివే. పదేళ్ళ కిందట నిచ్చెన వేసుకుని రాశాడు.

ఆరు రోజుల్లో ఒకటో నంబరు లేస్తుంది, అప్పుడు దీన్ని ఎలాగూ ఆపుతారు, చల్లగా లాగి పారేస్తాను అని లెక్క వేసుకున్నాడు. లెక్క వేసుకున్నాక మనిషికి కాస్త ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు రోజులు గడిచాయో లేదో, ఇంజనీరుగారు పట్నం నుంచి ఫోను చేసి, బేరింగు రాలేదు, ఇంకో వారం పడుతుంది అన్నాడు. కూర్చున్న కుర్చీ ఆయన్ని అప్పుడు పట్టుకుంది.

గంటగంటకీ రాసే పుస్తకంలో ఆయన అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. గాలి వాల్వు తెరిచి ఉందా అని ఒక గడి. తెరిచే ఉంది, తెరిచి ఉంది అని రాశాడు. అదురు ఎంత అని ఇంకో గడి. అదురు చూపించే ముల్లు కుదురుగా ఉంటేగా? పైకి వెళ్ళి కిందికి వస్తోంది, క్షణానికొకసారి. కిందికి వచ్చినప్పటి అంకె చూసి రాశాడు. ముల్లు అక్కడికీ వస్తున్న మాట నిజమే కదా. అదే అంకె రోజూ లోడు ఆఫీసుకి చదివాడు. "మామూలే కదండీ?" అని అవతల ఆవిడ అడిగేది. "మామూలే" అనేవాడు.

పవర్‌హౌసులో ఆ పుస్తకాన్ని నమ్మని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను ఆపరేటరుకి స్వయానా బావమరిది. మెకానిక్కు. అందరూ కర్రచెవి అంటారు. మూరెడు కర్ర ఒకటి ఎప్పుడూ నడుముకి దోపుకుని ఉంటాడు. దాని ఒక కొస మిషనుకి ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. వినడానికి ఏముంటుందని ఎవరన్నా అడిగితే, "మా అక్క దగ్గర నేర్చుకున్న విద్యే ఇది, నోరు మూసుకుని వినడం" అంటాడు. పెళ్ళి చేసుకోలేదు, క్వార్టర్ల కబుర్లు చెవిన పెట్టడు. క్వార్టరు వేరే ఉన్నా తిండి అక్క దగ్గరే. పదేళ్ళ వయసు నుంచి పెంచింది ఆవిడే. పనిలో పెట్టించింది బావ.

సెలవు రోజు మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నప్పుడు, అలమరలో మోత విని, కర్రచెవి లేచి వంటింటి గోడకి కర్ర ఆనించాడు.

"ముందు తిను, చల్లారిపోతుంది" అంది అక్క.

"ఉండక్కా." కళ్ళు మూసుకున్నాడు. "ఇక్కడిదాకా వస్తోంది బావా. రాయి పట్టుకుని పాకుతోంది."

"ఎరుపులో నడిస్తే రాదా మరి?" అన్నాడు ఆపరేటరు, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"ఎరుపులో ఇదివరకూ నడిపాం. ఇంత మోటుగా లేదు. మిషను ఊపిరి పీల్చట్లేదు బావా. ఆ గొట్టం అరుపు ఎందుకాగింది?"

అడగాల్సిన ప్రశ్న అడిగేశాడు. ఆపరేటరు భార్య గర్వంగా నోరు తెరవబోయింది, మా ఆయనే మూయించాడురా అనడానికి. ఆయన ముందే అందుకున్నాడు.

"దిగువ నీళ్ళ మట్టం పెరిగింది కదరా. పీల్పు తగ్గుతుంది. పీల్పు తగ్గితే అరుపు తగ్గుతుంది. వాల్వు తెరిచే ఉంది, పోయి చూసుకో."

"చూశా. తెరిచే ఉంది."

"మరింకేంటి?"

కర్రచెవి కర్ర నడుముకి దోపుకున్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు చెప్పిన మాట. తనకి స్పానరు పట్టుకోవడం నేర్పిన చెయ్యి. "అంతేనేమోలే" అని కూర్చుని అన్నం కలుపుకున్నాడు. ఆ "అంతేనేమోలే" ఆపరేటరు చెవికి ఎంత హాయిగా ఉండాలో అంత వికారంగా ఉంది. ఇప్పుడది ఒక గోనె కాదు, గోనె మీద ఒక అబద్ధం. రెంటినీ ఒకేసారి లాగాలి. ఆయన భార్య ఇద్దరి వంకా చూసి, ఎందుకో తెలియకుండానే నోరు మూసుకుంది.

గోనె మాయమైన తొమ్మిదో రోజు పొద్దున పదింటికి నూనె తాత మెట్లెక్కి వచ్చాడు. బేరింగులకి నూనె చూసే పెద్దాయన. ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని ఆటపట్టించే మనిషి. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది.

"బాబూ, కింద గదిలో మూత దగ్గర నీళ్ళు చిమ్ముతున్నాయి."

కింది గొట్టానికి ఒక పక్క మనిషి దూరేంత మూత ఉంటుంది, పదహారు బోల్టులతో బిగించి. మిషను ఆగినప్పుడు లోపలికి దిగి చూడటానికి. ఆ మూత ఉన్నది పవర్‌హౌసుకి అట్టడుగున చిన్న గదిలో. నలుగురు నిలబడితే భుజాలు రాసుకునే గది. దానికి ఒకే ఒక్క ఇనప తలుపు. మిషను నడుస్తుండగా ఆ గదిలోకి ఎవరన్నా వెళ్ళాల్సి వస్తే వెనక తలుపు బయటినుంచి బిగించాలి. మూత ఊడితే మునిగేది గది ఒక్కటే కావాలి, పవర్‌హౌసు మొత్తం కాకూడదు. లోపలివాడికి బయటికి రావాలనిపిస్తే తలుపు మీద మూడు దెబ్బలు వెయ్యాలి. బయటివాడు ఆ మూడు దెబ్బలు వినకుండా తలుపు తియ్యకూడదు. రూలు రాసింది ఎవరో గాని, ఆ గదిలోకి తను వెళ్ళడని మాత్రం తెలుసుకునే రాశాడు.

తాత వెనకే వచ్చిన కర్రచెవి అప్పటికే పెద్ద స్పానరు భుజాన వేసుకున్నాడు.

"ఒక బోల్టు తెగింది, రెండు వదులయ్యాయి. బిగించి వస్తా. పావుగంట."

"నేను లోడు ఆఫీసుకి ఫోను చేస్తానుండు. ఆపుదాం" అన్నాడు ఆపరేటరు.

"నువ్వు చేసి, వాళ్ళు కూడబలుక్కుని, ఇంజనీరుగారు దొరికి... అప్పటికి ఇంకో రెండు పోతాయి బావా. పద తాతా, తలుపు నువ్వు చూడు. నిద్రపోయావంటే వచ్చి మీసాలు కత్తిరిస్తా."

"ముందు రా, తర్వాత కత్తిరిద్దువు" అన్నాడు తాత.

ఇద్దరూ దిగిపోయారు. కంట్రోలు గదిలో ఆపరేటరు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా రెండు వస్తువులు. ఒకటి ఫోను. రెండోది అద్దం మూత కింద ఎర్ర బటను. దాన్ని నొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మనిషి ప్రాణానికి ముప్పు అనుకుంటే చాలు. కాకపోతే నొక్కిన గంటలోగా ఎందుకు నొక్కావని అడగడానికి మనుషులు వస్తారు, వచ్చి అన్నీ విప్పుతారు. ఆయన చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది.

"లోడు ఆఫీసు. చెప్పండి."

"మేడమ్, రెండో నంబరు. ఒక పావుగంట డెబ్భైకి పెంచుకుంటాను. ఎరుపులోంచి బయటపడాలి."

"కుదరదండి. వంతెన వాళ్ళు నీళ్ళలో ఉన్నారు. నలభై మంది. సాయంత్రం నాలుగు తర్వాత అడగండి."

"పోనీ ముప్పైకి దించుతా."

"పట్నం పంపులు గాలి పీలుస్తాయి. ఆస్పత్రి ఉంది ఆ లైన్లో. ఎందుకు, ఏమైంది?"

"అదురుతోంది."

కాగితాలు తిప్పిన చప్పుడైంది. "మీరే చదివారు కదా, పొద్దున ఎనిమిదింటికి. మామూలే అన్నారు. నిన్నా మామూలే. మొన్నా మామూలే. రెండు గంటల్లో ఏం మారింది?"

నిజమైన అంకె ఇప్పుడు చెబితే నిన్నటి అంకె అబద్ధమైపోతుంది. అడుగు కదిపితే అంతకుముందు వేసిన అడుగు పట్టుకుంటోంది.

"ఆపాలంటే ఆపండి," అంది ఆవిడ, "కారణం చెప్పండి, రాసుకుంటాను."

"చూసి చెబుతాను" అని పెట్టేశాడు.

గోడ గడియారం చూశాడు. పది నిమిషాలైంది. అదురు ముల్లు పైకి వెళ్ళి కిందికి వస్తోంది. ఈసారి ఆయన పై అంకె చూశాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి. చూసి, కళ్ళు తిప్పేసుకున్నాడు. పావుగంట అన్నాడు కదా, వచ్చేస్తాడు. పావుగంట అయింది. ఇరవై అయింది. నేల అదురుకి టేబులు మీది పెన్ను దొర్లి కిందపడింది, తియ్యలేదు.

కింది ఫోను మోగింది. తాత.

"బాబూ, నాకేం తెలీట్లేదు."

"ఏం తెలీట్లేదు?"

"తలుపు మోగుతోంది. మనిషి కొడుతున్నాడో నీళ్ళు కొడుతున్నాయో తెలీట్లేదు. ఒకటి, రెండు, మూడు... అమ్మయ్య వీడే అనుకుంటే, నాలుగోది కూడా పడుతోంది. అయిదోది కూడా. ఆగకుండా పడుతోంది. వీడి దెబ్బ ఆ దెబ్బల్లో కలిసిపోతే నాకెలా తెలుస్తుంది బాబూ?"

"పిలువు వాణ్ణి!"

"పిలవనా? నా గొంతు నాకే వినపడట్లేదు ఇక్కడ. తలుపు నెట్టి చూద్దామంటే అది లోపలికి తెరుచుకునే తలుపు. అవతల నీళ్ళు ఎంతున్నాయో. మోకాలిదాకానా, మెడదాకానా? చెయ్యి పెడితే ఇనుము ఒకటే వణుకు."

ఆపరేటరు రిసీవరు చెవికి గట్టిగా అదుముకున్నాడు. తాత ఊపిరి, దాని వెనక దెబ్బ. దెబ్బ. దెబ్బ. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి తన బావమరిదిది. కర్ర లేకుండా, ఎముకకి ఆనించకుండా, ఫోను తీగ గుండా అది ఏదో పట్టుకోవాలని కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి ఆ విద్య రాదు.

రెండో చేత్తో లోడు ఆఫీసు ఫోను ఎత్తాడు. ఒక చెవికి తాత, ఇంకో చెవికి ఆవిడ.

"రాసుకోండి," అన్నాడు. "గాలి గొట్టంలో గోనె ఉంది. నేనే పెట్టాను. లోపలికి పోయింది. మిషనుకి గాలి లేదు, తొమ్మిది రోజుల నుంచి. మీకు చదివిన అంకెలు కింది అంకెలు. పై అంకె దానికి నాలుగింతలుంది. కింద మనిషి ఉన్నాడు. ఆపుతున్నాను."

ఆవిడ ఏమంటుందో వినకుండా రిసీవరు భుజానికి నొక్కిపట్టి, అద్దం మూత ఎత్తి, బటను నొక్కాడు.

మిషను ఒక్కసారిగా ఆగదు. చక్రానికి నీళ్ళు వదిలే రెక్కలు మూసుకుంటుంటే తాడు చచ్చే ముందు ఇంకా గట్టిగా కొట్టుకుంది. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి. తర్వాత దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరిగింది. తర్వాత లేదు.

"ఆపేశారా?" లోడు ఆఫీసు ఆవిడ గొంతు భుజం దగ్గర్నుంచి వినిపించింది, చిన్నగా. "సరే. పది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. పంపుల వాళ్ళకి పై కాలువ నుంచి ఇప్పిస్తాను, ఒక పూటకి సరిపోతుంది. ఇది మొదటి రోజే చెబితే మొదటి రోజే ఇప్పించేదాన్ని కదండీ."

రెండో చెవిలో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో తలుపు మోగింది. టక్, టక్, టక్. కాస్త ఆగి, మళ్ళీ మూడు.

"వీడే!" అని తాత అరిచాడు.

తలుపు తీసేసరికి నీళ్ళు మోకాళ్ళ పైదాకా ఉన్నాయట, భుజాలతో నెట్టి సందు చేస్తే అంతా వరండాలోకి పడ్డాయట. కర్రచెవి ఎడమ చేత్తో స్పానరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి చొక్కాలో దాచుకున్నాడు. రెండో బోల్టు బిగిస్తుంటే, లోపలి నుంచి పడ్డ దెబ్బకి బోల్టు తెగి స్పానరు ఎదురు తిరిగింది. వేళ్ళు దానికీ గొట్టం పక్క ఇనప బద్దెకీ మధ్య పడ్డాయి. అది జరిగింది వెళ్ళిన ఏడో నిమిషంలో. అప్పటి నుంచీ తలుపు కొడుతూనే ఉన్నాడు. మూడు కొట్టి ఆగి, మూడు కొట్టి ఆగి.

ఆ మధ్యాహ్నం వేరే వాళ్ళు గొట్టం విప్పారు. గోనె నీళ్ళోడుతూ, పిండిన బట్టలా మెలితిరిగి వచ్చింది.

ఆపరేటరుని విచారణ అయ్యేదాకా ఇంట్లోనే ఉండమన్నారు. ఇంట్లోనే ఉన్నాడు. డాక్టరు రెండు వేళ్ళు తీసేశాడు, చూపుడు వేలూ దాని పక్కదీ. నాలుగు రోజులకి కర్రచెవి అక్క ఇంటికి వచ్చాడు. చేతికి మోచేతిదాకా కట్టు. తిండి ఇక్కడే కదా, ఇంకెక్కడికి పోతాడు? వంటింట్లో అవే రెండు కుర్చీలు, ఎదురెదురుగా. ఆపరేటరుకి లేచి పోవడానికి డ్యూటీ కూడా లేదు.

అక్క అన్నం కలిపి తమ్ముడి నోటికి అందిస్తోంది. గుమ్మంలో పంపు డ్రైవరు భార్య నిలబడి ఉంది, పరామర్శకని వచ్చి.

"మీ అందరి కోసమే కదమ్మా చేశారాయన," అంటోంది అక్క ముద్ద చేస్తూ, "పిల్ల పడుకోవట్లేదంటేనే కదా?"

"అయ్యో వదినా, నోరు మూయించమన్నాను గాని గోనె కుక్కమన్నానా? నాకేం తెలుసు అది ఊపిరి గొట్టమని?"

"నువ్వు అడక్కపోతే..."

"ఊరుకోవే," అన్నాడు ఆపరేటరు. బావమరిది వైపు తిరిగాడు, కట్టు వైపు చూడకుండా. "నువ్వు కిందికి దిగినప్పటి నుంచీ ఆపాలనే చూశాన్రా. నీకు తెలీదు. ఫోను మీద ఫోను చేశా. వాళ్ళు ఇది కాదంటారు, అది కాదంటారు. ఏం చెయ్యను? టైము చాల్లేదురా."

కర్రచెవి నోట్లో ముద్ద నమిలి మింగాడు. అక్క ఇంకో ముద్ద అందించబోతే ఎడమ చేత్తో ఆపాడు.

"తొమ్మిది రోజులుంది నీకు" అన్నాడు.